తల్లికి వందనం పడింది సరే, కొండమీద బడి ఏదర్రా?

2025 జూన్ నెల. తల్లికి వందనం డబ్బులు పడతన్నాయని కబురొచ్చింది. అనంతగిరి మండలంలో మాది రోడ్డుకి బాగా లోపలున్న ఊరు. సిగ్నలు ఒక్క మిట్ట మీదే దొరుకుతాది. రెండు మూడు రోజులు ఊరి ఆడోళ్లంతా ఫోన్లు పట్టుకుని ఆ మిట్ట మీదే ఉన్నారు. మా పిన్నికి ఇద్దరు గుంటలు. ఒక్కొక్కరికి 13 వేలు చొప్పున 26 వేలు పడింది. ఆ రాత్రి పొయ్యి దగ్గర కూకుని నన్నడిగింది.

"ఒరే బాబూ, నువ్వు సదువుకున్నోడివి కదా. ఈ డబ్బులెట్టి చిన్నోడిని ఎస్.కోట పట్టుకెళ్లి కాన్వెంట్లో ఏసేద్దునా? మన బడి సంగతి నీకు తెలీందేటి?"

నేను వెంటనే ఏం చెప్పలేకపోయాను. పంపొద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే మన బడి సంగతి నాకు నిజంగానే తెలుసు. పంపమని చెప్పడానికీ నోరు రాలేదు, ఎందుకంటే పంపిన ఇంట్లో ఏం జరిగిందో కూడా చూశాను. ఆ తర్వాత కొన్నాళ్లు దీని మీద దొరికిందల్లా చదివాను. అది మా పిన్నికి చెప్పినట్టే మీకూ చెప్తాను. ఈ డబ్బులు మీ ఇంట్లోనూ పడుంటాయి, ఇదే ప్రశ్న మీ అమ్మ కూడా అడిగుంటాది.

అసలీ లెక్క ఏటి?

'స్కూల్ ఛాయిస్' అన్నమాట మీరు వినే ఉంటారు. ఆలోచన చిన్నదే. బడి ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాల. కానీ బడిని ప్రభుత్వమే నడపాలని ఏం లేదు. డబ్బు గుంటడి వెంట నడవాల, అమ్మానాన్న ఏ బడి బాగుందనుకుంటే ఆ బడికి పోవాల. అప్పుడు బడులు పిల్లల కోసం పోటీ పడి బాగుపడతాయి. అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లో ఈ మాట రాశాడు. పిల్లాడి పేరు మీద ప్రభుత్వం ఇచ్చే ఆ చీటీకి వోచర్ అని పేరు. చిలీ దేశం 1981లో, స్వీడన్ 1992లో ఈ పద్ధతిలోకి దిగాయి. అమెరికాలో మిల్వాకీ నగరం 1990లో పేద పిల్లలతో మొదలెట్టింది. 2022లో అరిజోనా రాష్ట్రం ఉన్నోడు లేనోడు తేడా లేకుండా అందరికీ ఇచ్చేసింది.

మన దగ్గర వోచర్ అని ఎవరూ అనరు. కానీ మూడు దారుల్లో ఇది ఇప్పటికే మన ఇళ్లలోకి వచ్చేసింది.

మొదటిది విద్యాహక్కు చట్టం. 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 12(1)(సి) అని ఒక సెక్షనుంది. ప్రైవేటు స్కూలు ఒకటో తరగతి సీట్లలో 25 శాతం బలహీన వర్గాల పిల్లలకి ఉచితంగా ఇవ్వాల, ఆ ఖర్చు ప్రభుత్వం తిరిగి చెల్లించాల. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇది సరైనదేనంది. మన రాష్ట్రంలో మాత్రం ఇది నిజంగా మొదలైంది 2022-23 నుంచే. ఆ 25లో అనాథలు, హెచ్ఐవీ బాధితుల పిల్లలు, దివ్యాంగులకి 5 శాతం, ఎస్సీలకి 10, ఎస్టీలకి 4, మిగతా పేదలకి 6 శాతం. మొదట్లో ఖరారు చేసిన ఫీజు రేట్లు గుర్తెట్టుకోండి: పట్నంలో ఏడాదికి 8,000, పల్లెలో 6,500, గిరిజన ప్రాంతంలో 5,100 రూపాయలు. కొండ గుంటడికి కట్టిన ధర అన్నిటికన్నా తక్కువ.

రెండోది బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం. ఉమ్మడి రాష్ట్రం నాటిది. ఎస్సీ, ఎస్టీ గుంటల్ని లాటరీ తీసి పేరున్న ప్రైవేటు స్కూళ్లలో వేసేవారు, ఫీజు ప్రభుత్వం కట్టేది. మన వైపు మధ్యలో ఆపేశారు, తెలంగాణలో నడుస్తోంది.

మూడోది అమ్మ ఖాతాలో పడే డబ్బు. 2020 జనవరి 9న అమ్మ ఒడి పేరుతో మొదలైంది. ప్రభుత్వ బడికి పంపినా, ప్రైవేటుకి పంపినా తల్లికి ఏడాదికి 15 వేలు అన్నారు. ఇప్పుడు తల్లికి వందనం అయ్యింది. ఇంటికొకరికి కాకుండా చదివే ప్రతి బిడ్డకీ లెక్క కట్టి, బడి నిర్వహణకని 2 వేలు తీసి 13 వేలు వేస్తన్నారు. 2025లో 67 లక్షల పైచిలుకు పిల్లల లెక్క ఇది. ఫలానా బడికే కట్టాలని షరతు లేదు గాబట్టి అచ్చంగా వోచర్ కాదు. కానీ ఎంతోమంది తల్లులు ఈ డబ్బు చూసుకునే ప్రైవేటు వైపు చూస్తారు. మా పిన్ని చూసినట్టే.

మన రాష్ట్రంలోనే ఒక పరీక్ష జరిగింది

ప్రైవేటులో వేస్తే చదువు బాగా వస్తాదా రాదా అన్నదానికి ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెప్తారు. కానీ దీన్ని సరిగ్గా తేల్చడానికి ప్రపంచంలో జరిగిన పెద్ద ప్రయత్నాల్లో ఒకటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. పేరు ఆంధ్రప్రదేశ్ స్కూల్ ఛాయిస్ ప్రాజెక్టు. 2008లో మొదలై నాలుగేళ్లు నడిచింది. ఐదు జిల్లాలు, 180 ఊళ్లు. అప్పటి ఉమ్మడి విశాఖ జిల్లా అందులో ఒకటి. కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీని ఫలితాల్ని 2015లో అచ్చేశారు.

పద్ధతి ఇలగ. ఆ ఊళ్లలో పిల్లల్ని ప్రైవేటులో వెయ్యాలనుకునే తల్లిదండ్రుల దగ్గర దరఖాస్తులు తీసుకున్నారు. సగం ఊళ్లలో లాటరీ తీశారు. గెలిచిన పిల్లల ఫీజు, పుస్తకాలు, బట్టల ఖర్చు ప్రాజెక్టు భరించింది. ఓడిపోయినోళ్లు ఉన్న చోటే ఉన్నారు. లాటరీ ఎందుకంటే, మామూలుగా ప్రైవేటుకి పోయే గుంటడి ఇంట్లో కొంచెం డబ్బుంటాది, అమ్మానాన్న కొంచెం చదువుకునుంటారు. వాడికి మార్కులొస్తే అది బడి గొప్పో ఇంటి గొప్పో తెలీదు. లాటరీ తీస్తే రెండు వైపులా ఒకేలాంటి ఇళ్ల పిల్లలుంటారు.

నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులోను, లెక్కల్లోను గెలిచినోళ్లకీ ఓడినోళ్లకీ తేడా లేదు. మళ్లీ చదవండి, తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే ప్రభుత్వ ప్రాథమిక బడిలో హిందీ చెప్పరు. ఇంగ్లీషు, సైన్సు, సోషల్ దగ్గర చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇక్కడికి ఆపేసి "చూశారా, ప్రైవేటు వేస్టు" అంటే అది మోసం. అదే పరిశోధనలో ఇంకో సగం ఉంది. ఆ ప్రైవేటు బళ్లు తెలుగుకి, లెక్కలకి తక్కువ టైము ఇచ్చి, ఆ మిగిలిన టైములో మిగతా సబ్జెక్టులు చెప్పాయి. తక్కువ టైములో అదే ఫలితం తెచ్చాయన్నమాట. అక్కడ టీచర్లకి చదువు తక్కువ, ట్రైనింగ్ తక్కువ, జీతం మరీ తక్కువ. అయినా బడికి రావడం ఎక్కువ, వచ్చాక పాఠం చెప్పడం ఎక్కువ. ఒక్కో పిల్లాడి మీద అయిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. ఊళ్లో మిగిలిపోయిన పిల్లల చదువు పాడైందన్న సాక్ష్యం కూడా దొరకలేదు.

ఇంకో విషయం కూడా వాళ్ల లెక్కల్లో కనపడింది. ఉన్నపళంగా ఇంగ్లీషు మీడియంలో పడిన పిల్లలకన్నా తెలుగు మీడియం ప్రైవేటులో చేరిన పిల్లలు మిగతా సబ్జెక్టుల్లో మెరుగ్గా ఉన్నట్టుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే గుంటలకే బడి భాష మారితే అంత దెబ్బ తగిలితే, ఇంట్లో తెలుగు కూడా లేని మన గుంటల సంగతేటి?

కొండెక్కితే లెక్క మారిపోతాది

ఆ 180 ఊళ్లని ఎంచుకున్నప్పుడు ఒక షరతు ఉంది. ఊళ్లో ఒక ప్రైవేటు స్కూలైనా ఉండాల. అది తప్పు కాదు, స్కూలు లేని చోట వోచర్ ఇచ్చి ఏం చూస్తారు? కానీ ఆ ఒక్క షరతుతో మా ఊరు, మా పక్క ఊరు, ఇలాంటి ఊళ్లన్నీ ఆ లెక్కలోంచి బయటికి పోతాయి. అరకులోనో పాడేరులోనో ఉన్నోళ్లకి ఎంచుకోడానికి రెండు మూడు బోర్డులు కనపడతాయి. గుమ్మడికాయలా కొండకొకటిగా విసిరేసిన ఇరవై ముప్పై గడపల ఊళ్లలో కనపడవు.

డబ్బులిస్తే స్కూళ్లు వాటంతటవే వస్తాయి కదా అంటారు. రావు. ఇరవై గడపల్లో పదిమంది పిల్లలుంటే వాళ్ల ఫీజుతో ఒక టీచరు జీతం కూడా రాదు. పైగా ఇది 1/70 నేల. 1970లో సవరించిన భూబదలాయింపు చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుడి పేరు మీదకి పోకూడదు. ఆ చట్టం ఎంత గట్టిదో మన అనంతగిరి మండలం గనుల మీద వచ్చిన 1997 నాటి సమత తీర్పే చెప్పింది. ఆ చట్టం మనకి ప్రాణం. స్కూలు కడతామన్న పేరుతో దానికి బొక్క పెట్టమంటే మనం ఒప్పుకోం. అందుకని కింద జరిగినట్టు ఇక్కడ వీధికొక కాన్వెంటు పుట్టదు.

అప్పుడు మిగిలేది ఒక్కటే దారి, గుంటడినే కొండ దింపడం. అంటే హాస్టలు. 13 వేలని పన్నెండు నెలలకి పంచితే నెలకి 1,083 రూపాయలు. అందులో ఫీజు, తిండి, బట్టలు, పండక్కి రానుపోను బస్సు చార్జీలు. ఏకలవ్య మోడల్ స్కూల్లో ఒక గిరిజన విద్యార్థిని ఉంచి చదివించడానికి కేంద్రమే ఏడాదికి 1 లక్ష 9 వేలు లెక్కేసింది. అది ప్రభుత్వం తన సొంత బడికి వేసుకున్న లెక్క. 13 వేలు పట్టుకుని బేరానికి పోయే మా పిన్ని ఎక్కడుంటాది, ఆ లక్ష ఎక్కడుంటాది? ఆ మధ్యలో తేడా పూడ్చాలంటే పసుపో, మిరియాలో, కాఫీయో పంట రాకముందే షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకోవాల. మన ఇళ్లలో అప్పు ఎలగ మొదలౌతాదో నేను చెప్పక్కర్లేదు.

తర్వాతది భాష. మా ఇంట్లో ఆదివాసీ ఒడియా. అవతల కొండ మీద కువి. తెలుగు మాకు సంతలో, బస్సులో నేర్చుకున్న భాష. చిన్న తరగతుల్లో సొంత భాషలో చెప్పే ఏర్పాటు ఉండాలని రాజ్యాంగం 350-ఏ చెప్తాది. వీలైనంతవరకు అమ్మ భాషలోనే చెప్పాలని విద్యాహక్కు చట్టం చెప్తాది. 2004లో మన రాష్ట్రం సవర, కువి, కోయ, కొండ, ఆదివాసీ ఒడియా లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో పుస్తకాలు వేసి బళ్లు మొదలెట్టింది కూడా. అలగ చెయ్యాలన్న బాధ్యత ప్రభుత్వ బడి మీదే పెట్టగలం. మైదానంలో ఇంగ్లీషు మీడియం బోర్డు కట్టి ఫీజు తీసుకునేవాడు కువి టీచర్ని ఎందుకు పెట్టుకుంటాడు? ఎంచుకునే స్వేచ్ఛ అంటన్నారు కదా, మన భాషలో చెప్పే బడిని ఎంచుకునే స్వేచ్ఛ ఆ జాబితాలోనే లేదు.

మా ఇంట్లో రెండు దారులు

మా పెదనాన్న కొడుకు, నేను ఒక్క ఈడువాళ్లం. వాడికి లాటరీలో ప్రైవేటు సీటొచ్చింది, నాకు రాలేదు. ఆ రోజు నేను ఏడ్చాను. వాడిని జీపెక్కించి కొండ దింపారు, నన్ను ఆశ్రమ పాఠశాలలో వేశారు.

మొదటి సంక్రాంతికి వాడు బూట్లేసుకుని వచ్చాడు. ఊరంతా వాడినే చూసింది. రెండో ఏడు నుంచి మాట తగ్గిపోయింది. స్కీము గుంటలకి వేరే సెక్షన్ పెట్టారంట, భోజనం కూడా ఆఖర్నంట. ప్రభుత్వం బిల్లు ఆలస్యమైనప్పుడల్లా వీళ్లని నిలబెట్టి "మీ డబ్బులింకా రాలేదు" అని అందరి ముందూ చెప్పేవారంట. వాడు చేసిన అప్పు కాదది, వాడి నాన్న చేసింది కూడా కాదు. ఏడో తరగతిలో పండక్కొచ్చి తిరిగి వెళ్లనన్నాడు. టీసీ కోసం మా పెదనాన్న రెండుసార్లు కిందకి తిరిగాడు. ఇప్పుడు వాడు వైజాగ్‌లో సెంట్రింగ్ పనికి పోతన్నాడు.

అందరికీ ఇలగే అయ్యిందని చెప్పను. అదే ఏడు అదే లాటరీలో మా పక్క ఊరి పిల్ల ఇంకో స్కూలుకి పోయింది. ఆమె చదివి నర్సు అయ్యింది. తన బడిలో తనని బాగానే చూశారని చెప్పింది. ఆ సీటు లేకపోతే తను ఇంటర్ కూడా దాటేదాన్ని కాదంది. ఆ మాట కూడా నిజమే.

మరి నా ఆశ్రమం? ఒక ఏడాదంతా లెక్కల మేస్టరు లేడు. ఒక గదిలో చదువు, ఆ గదిలోనే పడక. వానాకాలం జ్వరాలు. నన్ను గట్టెక్కించింది ఒక్క టీచరు. మా భాష తెలిసిన గిరిజన టీచరు. నాకు భాగహారం తెలుగులో ఎక్కకపోతే పక్కకి పిలిచి మా భాషలో చెప్పాడు. చింతపిక్కలు పంచినట్టు పంచి చూపించాడు. ఆ మేస్టరు లేకపోతే నేనూ సెంట్రింగ్‌లోనే ఉందును.

అలాంటి టీచర్లు ఏజెన్సీలో ఉండడానికి 2000 సంవత్సరం నాటి జీవో నంబరు 3 ఒక కారణం. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. ఆ ఖాళీని పూడ్చే గట్టి చట్టం కోసం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం. నా లెక్క ప్రకారం మన పిల్లల చదువుకి ఏ వోచర్ కన్నా పెద్ద విషయం అదే.

అటువైపు వాదన కూడా వినాల

వోచర్ కావాలనేవాళ్లు దొంగలేం కాదు. వాళ్ల ప్రశ్నలో బలముంది. 2003లో దేశమంతా ముందు చెప్పకుండా బళ్లకెళ్లి చూస్తే ప్రభుత్వ ప్రాథమిక బళ్లలో నలుగురు టీచర్లలో ఒకరు ఆ రోజు బడిలో లేరు. మన ఏజెన్సీలో ఎలగుంటాదో మీకే తెలుసు. "ప్రభుత్వ బడి బాగుపడేదాకా ఆగండి" అని ఉద్యోగులు, నాయకులు చెప్తారు, వాళ్ల పిల్లలు మాత్రం ఆగరు. మరి మా పిన్ని కొడుకు ఎందుకు ఆగాల? వాడికి ఒకటో తరగతి ఒక్కసారే వస్తాది. ఉన్నోడికి ఉన్న హక్కు లేనోడికి ఎందుకుండకూడదు? ఈ ప్రశ్నకి సిగ్గుపడకుండా జవాబు చెప్పగలిగితేనే మనం ప్రభుత్వ బడి గురించి మాట్లాడాల.

నా జవాబు ఇది. ఆమె పంపితే తప్పు పట్టను. కానీ ప్రభుత్వం ఆమె చేతిలో డబ్బు పెట్టి, ఇక నీ ఇష్టం అని చేతులు దులుపుకుంటే తప్పు పడతాను. మైదానంలో గుంటడు ప్రైవేటుకి పోతే ప్రభుత్వ బడి అక్కడే ఉంటాది, నచ్చకపోతే తిరిగి రావచ్చు. మా ఊరి బడిలో ఇరవై మంది. అందులో ఎనిమిది మంది కిందకి పోతే మిగిలేది పన్నెండు. చట్టం షెడ్యూలు చూస్తే అరవై మంది లోపున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు టీచర్లుండాల. జరిగేది మాత్రం వేరు. పిల్లలు తగ్గారన్న పేరుతో ఒక్క టీచరుతో సరిపెడతారు, ఆ తర్వాత విలీనం అంటారు. 2022లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకి కలిపేసినప్పుడు ఎంత గొడవైందో చూశాం. 2025లో ప్రభుత్వమే దాన్ని పక్కన పెట్టాల్సొచ్చింది. గెడ్డ దాటి, అడవి దాటి ఆరేళ్ల గుంటడు ఎక్కడికి నడుస్తాడు? మా దగ్గర ఎనిమిది మంది ఎంచుకుంటే పన్నెండు మందికి ఎంచుకోడానికి ఏమీ మిగలదు. మైదానం ఊళ్లలో మిగిలిన పిల్లలకి నష్టం కనపడలేదన్నది నిజమే. అక్కడ బడి మూతపడేంత చిన్నది కాదు.

బకాయిల సంగతి కూడా చూడండి. 2025లో తెలంగాణలో బెస్ట్ అవైలబుల్ స్కూళ్ల బిల్లులు పేరుకుపోతే యాజమాన్యాలు పిల్లల్ని రానివ్వమన్నాయి, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ప్రభుత్వ బడిలో బిల్లు ఆలస్యమైతే కాంట్రాక్టరు తిరుగుతాడు. ప్రైవేటు సీటులో బిల్లు ఆలస్యమైతే గుంటడు గేటు బయట నిలబడతాడు.

చిలీలో కూడా చివరికి పిల్లలే అడిగారు. అక్కడ పావు శతాబ్దం వోచర్లు నడిచాక ఉన్నోళ్ల పిల్లలొక చోట, లేనోళ్ల పిల్లలొక చోట అయిపోయారు. 2006లో హైస్కూలు పిల్లలు లక్షల్లో వీధుల్లోకొచ్చారు. 2008లో పేద పిల్లలకి ఎక్కువ డబ్బు కట్టే చట్టం చేశారు. 2015లో ఇంకో చట్టం చేసి, ప్రభుత్వ సొమ్ము తీసుకునే స్కూలు లాభం తీసుకోకూడదు, పిల్లల్ని ఏరుకోకూడదు, పైన ఫీజు అడగకూడదు అన్నారు. వోచర్ తెచ్చిన దేశమే దానికి ఇన్ని కట్లు కట్టుకోవాల్సొచ్చింది.

మరి మనం ఏటి అడగాల?

తల్లికి వందనం ఆపమని నేను అనను. ఆ డబ్బుతో మా ఇళ్లలో గుంటలకి చెప్పులొచ్చాయి, పుస్తకాలొచ్చాయి, పనికి పోకుండా బడికి పోతన్నారు. అది ఉండాల. కానీ అది బడికి బదులు కాదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చేతిలో ఫోనుంది గాబట్టి మీరు చెయ్యగలిగినవి కొన్ని చెప్తాను.

మీరు అరకు, పాడేరు లాంటి చోట్ల ప్రైవేటు స్కూలుకి దగ్గరగా ఉంటే ఒకటో తరగతి 25 శాతం కోటాకి దరఖాస్తు పెట్టించండి. అది దానం కాదు, హక్కు. చేరాక వేరే గదిలోనో వేరే టైములోనో కూకోబెట్టకూడదని విద్యాహక్కు నిబంధనల్లోనే రాసుంది. అలగ చేస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

మీ ఊరికి కిలోమీటరు లోపు ప్రాథమిక బడి, మూడు కిలోమీటర్ల లోపు ఎనిమిదో తరగతి దాకా బడి ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడి పిల్లలకి రవాణా ఏర్పాటు చెయ్యాల. సమగ్ర శిక్షలో ఏడాదికి ఒక పిల్లాడికి 6,000 రూపాయల వరకు రవాణా భత్యం ఇచ్చే వీలుంది.

బడికి యాజమాన్య కమిటీ ఉంటాది. అందులో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాల, సగం మంది ఆడోళ్లుండాల. మన ఊళ్లలో ఈ కమిటీ సంతకాల పుస్తకంలోనే బతుకుతాది. మీ అమ్మ అందులో సభ్యురాలేమో అడగండి, చాలామందికి తాము సభ్యులమన్న సంగతే తెలీదు. మీ బడికి మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని అని సమాచార హక్కు కింద ఒక కాగితం పెట్టండి. వచ్చిన జవాబు గ్రామసభలో చదివించండి. 1996 నాటి పెసా చట్టం మన గ్రామసభకి మైదానం గ్రామసభ కన్నా ఎక్కువ బరువిచ్చింది.

బెస్ట్ అవైలబుల్ లాంటిది మన వైపు మళ్లీ తెస్తామంటే షరతులు మనమే ముందు చెప్పాల. బిల్లు టైముకి కట్టాల, వేరే సెక్షన్ కుదరదు, ఎంతమంది చేరారో ఎంతమంది మధ్యలో మానేశారో ప్రతి ఏడూ బయటపెట్టాల, తిరిగొస్తానన్న గుంటడికి ఆశ్రమంలో సీటుండాల.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది మన భాష తెలిసిన టీచర్ని, ఊళ్లో ఉండే టీచర్ని. డీఈడీ, బీఈడీ చేసి ఖాళీగా కూర్చున్న మన అన్నలు, అక్కలు ప్రతి మండలంలో ఉన్నారు.

ఇదంతా మా పిన్నికి చెప్పాను. ఆమె మొత్తం విని, "అయితే పంపొద్దంటావా?" అంది. "చిన్నోడికి ఆరేళ్లే పిన్నీ, ఇంకో రెండేళ్లు మన దగ్గరుంచు. ఐదులో గురుకులం పరీక్ష రాయిద్దాం" అన్నాను. ఒప్పుకుంది గానీ ఊరికే ఒప్పుకోలేదు. మర్నాడు పది మంది ఆడోళ్లని వెంటబెట్టుకుని బడికెళ్లి, మేస్టరు వచ్చిన రోజు, రాని రోజు గోడ మీద బొగ్గుతో గీతలు గియ్యడం మొదలెట్టింది. నెలాఖరుకి ఆ గోడని నేను ఫోటో తీసి కాగితానికి అంటించి మండలం ఆఫీసులో ఇచ్చాం. ఇప్పుడు మేస్టరు మునుపటి కన్నా నయం. రెండో పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది.

మొన్న సంతలో కలిస్తే పిన్ని మళ్లీ అడిగింది. "వచ్చే జూన్‌కి కూడా ఆ రెండో మేస్టరు రాకపోతే నేను పంపేస్తాను. అప్పుడు నన్ను ఆపకు."

ఆపనని చెప్పాను. జూన్ లోపు ఆ పోస్టు నింపించడం మన పని.